పోర్స్ మూసేస్తామనే మాట ఇక అచ్చువేయకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ అనుబంధంలో అందం పేజీలో 'స్వేద రంధ్రాలు మూసుకుపోవాలంటే' అని ఒక చిన్న వ్యాసం వేశారు. టమాటా రసం, ఐసు ముక్క, గుడ్డు తెల్లసొన, వారానికి రెండుసార్లు ఆవిరి. దాని కిందే 'ఓపెన్ పోర్స్‌కు శాశ్వత పరిష్కారం, 4 సిట్టింగుల్లో గాజులాంటి చర్మం' అని ఒక క్లినిక్ ప్రకటన. ఆ రెండూ ఒకదాని కింద ఒకటి చూశాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఎందుకంటే సరిగ్గా ఆ రెండు మాటల మధ్యే మా అమ్మాయి ముఖం కాలిపోయింది. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైనా పూర్తిగా చదవండి.

నేను తెనాలిలో 18 ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. మాఘమాసం, వైశాఖం వస్తే మా కొట్టు నిండా పెళ్ళికూతుళ్ళే. కొలతలిచ్చేటప్పుడు, మళ్ళీ ట్రయల్‌కి వచ్చినప్పుడు అద్దం ముందు నిలబెడతాను కదా, ఒకప్పుడు వాళ్ళు చేతుల పొడుగు చూసుకునేవాళ్ళు, మెడ డిజైన్ చూసుకునేవాళ్ళు. ఇప్పుడు జాకెట్టు సంగతి వదిలేసి అద్దానికి ముఖం ఆనించి ముక్కు పక్కన వేలితో లాగి చూసుకుంటున్నారు. 'ఆంటీ, ఇక్కడ గుంటలు కనబడుతున్నాయా, మేకప్ ఆవిడ ఓపెన్ పోర్స్ ఉన్నాయంది' అని నన్నడుగుతారు. చేతి దూరంలో నిలబడి సూదులు పెట్టేదాన్ని, నాకు ఏమీ కనబడదు. ఆ మాటే చెప్తాను, నమ్మరు.

మా అమ్మాయీ నమ్మలేదు. దానికి 24 ఏళ్ళు, డిగ్రీ అయ్యాక ఇక్కడే ఒక ఆఫీసులో చేస్తోంది. జిడ్డు చర్మం, నాదే వచ్చింది, మా అమ్మదీ అంతే. పెళ్ళి కుదిరాక మేకప్ ఆవిడ ట్రయల్ వేసి, ఫోనులో ముఖం దగ్గరగా ఫోటో తీసి, వేళ్ళతో పెద్దది చేసి చూపించింది. 'చూడమ్మా, ఇన్ని రంధ్రాలుంటే హెచ్‌డీ మేకప్ నిలవదు, వీడియోలో కొట్టొచ్చినట్టు కనబడుతుంది' అంది. అప్పటిదాకా మా పిల్ల తన ముఖంలో ఒక లోపముందని అనుకోనే లేదు. ఆ రాత్రి ట్యూబులైటు కింద అద్దం పట్టుకుని ఎంతసేపు కూర్చుందో. ముందు మీ పేపర్లలో వచ్చేవన్నీ చేసింది, ఐసు రుద్దింది, ఆవిరి పట్టింది, నిమ్మకాయ పూసి మంటపెట్టుకుంది. తర్వాత పార్లర్‌కు అనుబంధంగా నడిచే ఒక స్కిన్ క్లినిక్‌కు తీసుకెళ్ళింది ఆ మేకప్ ఆవిడే. 18,000 రూపాయల ప్యాకేజీ. 4 సిట్టింగులు, రాత్రిపూట రాసుకోవడానికి ఒక క్రీము. పెళ్ళికి 3 నెలల టైముంది, నేనే కట్టాను ఆ డబ్బు. రెండు నెలల కుట్టుకూలి.

మొదటి రెండు సార్లు ముఖానికి నల్లటి కార్బన్ లోషన్ పూసి, ఆరాక లేజర్ కొట్టారు. ఇంటికొచ్చాక జుట్టు మాడిన వాసన వచ్చేది, అంతకుమించి ఏమీ లేదు. క్రీము మాత్రం పది రోజుల్లో పనిచేసింది. ఎంత బాగా పనిచేసిందంటే చుట్టుపక్కల వాళ్ళంతా ఆ క్రీము పేరేంటని అడిగారు, నేను కూడా మురిసిపోయాను. పేరు చెప్దామంటే దానికి పేరు లేదు. చిన్న తెల్ల ప్లాస్టిక్ డబ్బా, చుట్టూ ఏ కాగితమూ అంటించి లేదు, మూత మీద బాల్‌పెన్నుతో '3' అని రాసి ఉంది. అంతే. ఏ కంపెనీ, ఏ తేదీ, లోపల ఏముందీ ఏమీ లేదు. బియ్యం కొంటే బస్తా మీద ఉన్నంత సమాచారం కూడా ఆ డబ్బా మీద లేదని నాకు అప్పుడు తట్టలేదు, అది నా తప్పే.

మూడోసారి వెళ్ళినప్పుడు 'రంధ్రాలు ఇంకా కొంచెం ఉన్నాయి, స్ట్రాంగ్ పీల్ వేస్తే మూసుకుపోతాయి' అన్నారట. పీల్ అంటే చర్మం పై పొర ఊడిపోయేలా ముఖానికి పూసే యాసిడ్. వేసింది తెల్లకోటు వేసుకున్న ఒక అమ్మాయి, మా పిల్ల కంటే చిన్నదే. డాక్టరుగారు వీడియో కాల్‌లో ఒక నిమిషం కనిపించాడు. యాసిడ్ పూయగానే ముఖం అక్కడక్కడ సున్నం కొట్టినట్టు తెల్లబడిందట, మంట మంట అని అరిస్తే ఫ్యాన్ పెట్టారట. మూడోరోజుకి రెండు బుగ్గల మీదా గోధుమరంగు పెచ్చు కట్టింది, ఊడాక కింద నల్లటి మచ్చలు. భయపడి క్రీము మానేస్తే ముఖమంతా ఎర్రగా కందిపోయి, చిన్న చిన్న పొక్కులు లేచాయి. ఫోన్ చేస్తే 'లోపలి మురికి బయటికొస్తోంది, అది మంచిదే, క్రీము మానకండి' అన్నారు. మళ్ళీ రాస్తే మళ్ళీ తగ్గింది. తగ్గింది కదా అని మేము నమ్మాం.

పెళ్ళికూతుర్ని చేసినరోజు మా అక్క నలుగు పెట్టింది. సెనగపిండి, పసుపు, కాస్త నువ్వులనూనె, మా ఇంట్లో అందరి పెళ్ళిళ్ళకీ పెట్టిందే. మెత్తగా రెండుసార్లు రాసిందో లేదో పిల్ల అక్క చెయ్యి పట్టుకుని ఆపేసింది. కళ్ళలోంచి నీళ్ళు. ముత్తైదువలంతా అది పుట్టింటి బెంగ అనుకున్నారు. కాదు, చర్మం తట్టుకోలేకపోయింది. పెళ్ళిపీటల మీద హోమం వేడికి బుగ్గలు భగభగ మండుతుంటే మేకప్ చెదురుతుందేమోనని తుడుచుకోకుండా కూర్చుంది. ఆ పెళ్ళి ఆల్బమ్ ఇప్పటిదాకా తెరవలేదు.

పెళ్ళయిన పదో రోజున గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. ఓపీ చీటీ రాయించుకుని చర్మవ్యాధుల విభాగం ముందు పొద్దున్నుంచి కూర్చున్నాం. అక్కడి డాక్టరమ్మ చిన్న లైటున్న భూతద్దం లాంటిది బుగ్గకు ఆనించి చూసి, మొట్టమొదట అడిగిన మాట 'క్రీము డబ్బా తెచ్చారా అమ్మా?' అని. నేను సంచిలోంచి తీసిచ్చాను. మూత మీద '3' చూసి పక్కన కూర్చున్న స్టూడెంటు డాక్టర్లకు చూపించింది. 'డబ్బా చూసి లోపలేముందో చెప్పలేను, ముఖం చూస్తే చెప్పగలను' అంది. సన్నటి ఎర్ర నరాలు పైకి కనబడటం, పొక్కులు, బుగ్గల మీద కొత్తగా మొలిచిన నూగు వెంట్రుకలు, ఇవన్నీ స్టెరాయిడ్ క్రీము నెలల తరబడి ముఖానికి రాస్తే వచ్చే గుర్తులట. మంగు మచ్చలకు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, స్టెరాయిడ్ అనే మూడు మందులూ కలిపిన క్రీములుంటాయి, వాటిని డాక్టరు చూస్తూ కొద్ది వారాలు మాత్రమే వాడాలి. ఇలాంటి వాటినే డబ్బాల్లోకి మార్చి పోర్స్‌కనీ, తెల్లబడటానికనీ, మొటిమలకనీ అన్నింటికీ అంటగడుతున్నారని చెప్పింది. మొదటి పది రోజులు ముఖం మెరిసిందంటే అది స్టెరాయిడ్ మహిమ. మానేయగానే తిరగబడేదీ అదే. అందుకే మానలేరు.

నేను ఉండబట్టలేక అడిగాను, మరి ఈ రంధ్రాలు మూయాలంటే ఏం చేయాలండీ అని. 'మూయడానికి వాటికి తలుపులున్నాయా అమ్మా?' అంది. కసిరినట్టు కాదు, నెమ్మదిగానే. తర్వాత ఆవిడ చెప్పింది విన్నాక నాకు మీ పేజీ మీద కోపం వచ్చింది, కాబట్టి అది మీకూ చెప్పాలి.

మీరు రాసే 'స్వేద రంధ్రాలు' అనే మాటే తప్పు. చెమట వచ్చే రంధ్రాలు మామూలు కంటికి ఆనవు, అంత చిన్నవి. ముక్కు మీద, బుగ్గల మీద మనకు కనబడేవి వెంట్రుక మొలిచే గుంటలు, వాటి లోపల నూనె గ్రంథి ఉంటుంది, ఆ నూనె బయటికి వచ్చే దారి అది. మన భాషలో వాటికి ఎప్పటినుంచో రోమకూపాలని చక్కటి పేరుంది, కూపమంటే బావి, అచ్చంగా అదే. ఆ బావి అంచు చుట్టూ ముడుచుకోవడానికి, విప్పుకోవడానికి కండరం ఏదీ లేదు. అందుకని ఆవిరి పడితే తెరుచుకోవు, ఐసు పెడితే మూసుకోవు. ఆవిరికి లోపలి జిడ్డు మెత్తబడుతుంది, ఐసుకి చర్మం కాసేపు బిగుసుకుంటుంది, గుడ్డు తెల్లసొన పొరలా ఎండి లాగినట్టుంటుంది. ముఖం కడిగితే కథ మొదటికొస్తుంది. ముక్కు మీద పట్టీ అంటించి పీకితే ముళ్ళలా వచ్చేవి చాలావరకు బ్లాక్‌హెడ్స్ కావు, ఆ బావిలో మామూలుగా ఉండాల్సిన జిడ్డు పోగులు, కొన్నాళ్ళకు మళ్ళీ నిండుతాయి.

అవి ఎందుకు పెద్దగా కనబడతాయంటే, కొంత పుట్టుకతో వచ్చింది, కొంత జిడ్డు ఎక్కువ ఊరడం వల్ల, కొంత వయసుతో, ఎండతో చర్మం బిగువు తగ్గి అంచులు వదులవడం వల్ల. మా అమ్మ ముక్కు, నా ముక్కు, మా పిల్ల ముక్కు ఒకేలా ఉన్నాయంటే అది జబ్బు కాదు, పోలిక.

తగ్గించుకోవాలనుకోవడం తప్పని నేను అనను. డాక్టరమ్మా అనలేదు. ఎవరి ముఖం వాళ్ళిష్టం. కానీ తగ్గడం వేరు, మాయమవడం వేరు. సాలిసిలిక్ యాసిడ్ నూనెలో కరుగుతుంది కాబట్టి, అది 2 శాతం ఉన్న ఫేస్‌వాష్ లాంటివి ఆ గుంటలోకి దిగి జిడ్డు వదిలిస్తాయి. నియాసినమైడ్, అంటే విటమిన్ బీ3, కొంతమందికి జిడ్డు తగ్గిస్తుంది. రాత్రిపూట కొద్దిగా రాసుకునే అడాపలీన్ జెల్ అని మొటిమల మందు ఒకటుంది, అది డాక్టరు రాసిస్తేనే వాడాలి, మొదట్లో పొట్టు లేస్తుంది, రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి, కడుపుతో ఉన్నవాళ్ళు వాడకూడదు. పగలు సన్‌స్క్రీన్. ఇంతే, అన్నీ కలిపినా మా అమ్మాయి ప్యాకేజీలో పదో వంతు కాదు. లేజర్లు, సూదుల రోలర్లు కూడా పనికొస్తాయి, ముఖ్యంగా మొటిమలు పోయాక మిగిలిన గుంటలకు. చర్మం లోపల సన్నసన్నగా వేడి పుట్టించి, లేదా గుచ్చి, చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ కొత్తగా ఊరేలా చేస్తాయి. కానీ మన గోధుమరంగు, చామనఛాయ చర్మానికి ఏ కాస్త ఎక్కువ వేడి తగిలినా, ఏ కాస్త యాసిడ్ ఎక్కువైనా నల్లమచ్చ పడుతుంది, అది నెలలకు గానీ పోదు. అందుకే ఎంత వేడి, ఎన్ని రోజుల తేడా, ముందు ఏం మానాలి అన్నది చర్మం చదువు చదివినవాళ్ళే తేల్చాలి. ఎదురుగా ఉండి, ముఖం చూసి. ఫోనులో కాదు.

ఇంకో రెండు సంగతులు పెళ్ళికూతుళ్ళ తల్లులు తప్పక వినాలి. జిడ్డు తగ్గుతుందని, పోర్స్ చిన్నవవుతాయని కొంతమంది ఐసోట్రెటినాయిన్ గుళికలు మింగిస్తున్నారు. మందు మంచిదే, మొండి మొటిమలకు డాక్టర్లు ఇస్తారు. కానీ అది వాడేటప్పుడు, ఆపాక ఒక నెలలోపు గర్భం వస్తే బిడ్డకు ఘోరమైన అవకరాలు రావచ్చు. పెళ్ళికి ముందు మూడు నెలలు ఈ గుళికలు మింగి, పెళ్ళయిన నెలకే నెల తప్పే పిల్లలు మన ఇళ్ళలో ఎంతమంది? ఈ మాట ఆ పిల్లకు ఎవరు చెప్తున్నారు? పార్లర్‌లో చెప్పరు, చీటీ లేకుండా అమ్మే మందుల షాపులో చెప్పరు. మా కొట్టుకొచ్చిన ఒకమ్మాయి బ్యాగులో ఆ అట్ట చూసి నేనే అడిగాను, దేనికో తెలుసా అని. 'గ్లో కోసం ఆంటీ' అంది.

రెండోది సూదులు. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రం అల్బుకర్కీలో లైసెన్సు లేని ఒక స్పాలో ముఖానికి సూదులు గుచ్చి, వాళ్ళ దగ్గరే తీసిన రక్తంలోంచి ప్లాస్మా అనే ద్రవాన్ని వేరుచేసి పూసే ఫేషియల్ చేయించుకున్న ఆడవాళ్ళకు హెచ్‌ఐవీ సోకిందని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2024లో బయటపెట్టింది. ఆ స్పాను 2018లోనే మూయించారు, అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. అంత దేశంలోనే అలా ఉంటే, మన సందుల్లో ఒకే రోలరు ఎంతమంది ముఖాల మీద తిరుగుతోందో ఎవరు చూస్తున్నారు?

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లోనే నిబంధన మార్చింది. డాక్టరన్నవాడు తన రిజిస్ట్రేషన్ నంబరు క్లినిక్‌లోనూ, రాసిచ్చే చీటీ మీదా వేయాలని 2002 నాటి వైద్య మండలి నియమాల్లోనే ఉంది. మన రాష్ట్రంలో ప్రైవేటు క్లినిక్ ఏదైనా రిజిస్టర్ చేయించుకోవాల్సిందే. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 2019 వినియోగదారుల చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. ఇవన్నీ నేను తర్వాత తెలుసుకున్నవి, తెలిసినవాళ్ళను పట్టుకుని, ఒక్కొక్కటీ. మా దగ్గరున్న కాగితం ముక్క మీద డాక్టరు పేరు లేదు, నంబరు లేదు, ఎంత శాతం యాసిడ్ పూశారో లేదు. 'స్కిన్ ప్యాకేజీ 18,000' అని మాత్రం ఉంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. మా వాళ్ళు వద్దన్నారు, కొత్తగా పెళ్ళయిన పిల్ల, ముఖం గురించి రచ్చ ఎందుకని. ఇలా అందరం ఊరుకోబట్టే వాళ్ళ వ్యాపారం నడుస్తోందని నాకనిపిస్తుంది. అందుకే పిల్లను అడిగి, అది రాయమన్నాకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

సంపాదకుడు గారూ, మీకు నా విన్నపం పెద్దదేం కాదు. ముందు ఆ 'స్వేద రంధ్రాలు మూసుకుంటాయి' అనే వాక్యాన్ని మీ అందం పేజీలోంచి తీసేయండి, ఎవరు రాసి పంపినా. ఆ పేజీని నెలకొకసారైనా ఒక ప్రభుత్వాసుపత్రి చర్మవైద్యులకు చూపించి వేయండి, వాళ్ళు మనకు అందుబాటులోనే ఉన్నారు, మా జిల్లాలోనే ఉన్నారు. స్కిన్ క్లినిక్ ప్రకటన తీసుకునేటప్పుడు డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, ఆ నంబరు ప్రకటనలోనే వేయండి. 'శాశ్వతం', 'మాయం', 'గ్యారంటీ' అనే మాటలున్న ప్రకటన వెనక్కి పంపండి. డబ్బు పోతుందని మీ వాళ్ళంటారు, నాకు తెలుసు, నాకూ కొట్టుంది. కానీ మేం ప్రకటనను ప్రకటనలా చదవం. పేపర్లో వచ్చిందంటే నిజమనే చదువుతాం. మా అమ్మాయి ఆ క్లినిక్‌కు వెళ్ళేముందు నాకు చూపించింది కూడా పేపర్లో వచ్చిన ప్రకటనే, దాన్ని చూసే నేను సరేనన్నాను.

మా పిల్లకు ఇప్పుడు నయమే. డాక్టరమ్మ ఆ క్రీమును ఒక పద్ధతి ప్రకారం మాన్పించింది. ఎర్రదనం తగ్గడానికి 4 నెలలు పట్టింది, మచ్చలు పలచబడ్డాయి, ఎడమ బుగ్గ మీద రూపాయి బిళ్ళంత ఒకటి మిగిలింది. ముక్కు పక్కన రోమకూపాలు ఎప్పటిలాగే ఉన్నాయి.

ఆ తెల్ల డబ్బా నేను పారేయలేదు. అడుగున ఇంకా కొంచెం క్రీము ఉంది, కొట్టులో దారం రీళ్ళ పెట్టెలో పెట్టాను. దాన్ని ల్యాబ్‌లో పరీక్ష చేయించి లోపలేముందో రాస్తానని మీ విలేకరి ఎవరైనా వస్తే ఇస్తాను. మెయిన్ బజారు వెనక సందు, పొద్దున 10 నుంచి రాత్రి 8 దాకా కొట్టు తెరిచే ఉంటుంది.

ఇట్లు,
జాకెట్లు కుట్టే ఒక పాఠకురాలు,
తెనాలి